ఆపా 6:40కే ఎందుకు ఎక్కాలి? షేరింగ్ బండ్ల లెక్కలో మన మాట ఎక్కడ?

చాంద్రాయణగుట్ట నుంచి గచ్చిబౌలికి పొద్దున పూట కారులో నేరుగా వెళితే 55 నిమిషాల్లో చేరొచ్చు. మా ఆపాకి మాత్రం 95 నిమిషాలు పట్టేది. ఆఫీసు క్యాబ్ 6:40కి మా గల్లీ చివర మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. అక్కడి నుంచి అత్తాపూర్, కిషన్‌బాగ్, లంగర్‌హౌజ్ తిరుగుతూ ఒక్కొక్కరినీ ఎక్కించుకుని 8:15కి ఆఫీసు గేటు దగ్గర దింపుతుంది. సాయంత్రం ఇదే వరుస తిరగబడుతుంది. అందరూ దిగిపోయాక చివర్లో దిగేది ఆపానే.

"దూరంలో ఉంటే ముందు ఎక్కాలి, చివర దిగాలి. దాంట్లో ఏముంది?" అన్నాను మొదట్లో. "ఏడాది నుంచి రోజూ నేనేనా?" అంది. అమ్మీ మధ్యలో అందుకుని, "ఎవరో కూర్చుని రాస్తున్నారు కదా ఈ టైములు, వాళ్లకి ఫోన్ చెయ్యి" అని సలహా ఇచ్చింది. ఆపా నవ్వేసింది. రాసేది మనిషి కాదు, ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్. వాళ్లని అడిగితే ఎప్పుడూ ఒకే జవాబు: "మేడమ్, సిస్టమ్ ఇచ్చిన రూట్ అది. మా చేతిలో ఏం లేదు."

ఈ "సిస్టమ్ ఇచ్చింది" అనే మాట ఇప్పుడు చాలా చోట్ల వినిపిస్తోంది. ఆఫీసు క్యాబ్‌లు, స్కూల్ బస్సులు, యాప్‌లో బుక్ చేసే షటిల్ బస్సులు, అన్నిటికీ ఏ బండి ఏ దారిలో వెళ్లాలి, ఎవరిని ముందు ఎక్కించుకోవాలి అనేది కంప్యూటరే తేలుస్తోంది. మన కుటుంబాల్లో ఆ బండ్లు ఎక్కేవాళ్లూ ఉన్నారు, నడిపేవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ లెక్క లోపల ఏముందో ఒకసారి విప్పి చూడటం మంచిది. చూస్తే అర్థమయ్యేది ఒకటే: వరుస పేర్చేది కంప్యూటరే కానీ, ఏ వరుసని "మంచిది" అనాలో దానికి ముందే ఎవరో మనిషి చెప్పి పెట్టాడు. ఆ మనిషి ఎవరు, ఏం చెప్పాడు అన్నదే అసలు సంగతి.

ఐదుగురికి లక్షకు పైగా వరుసలు

ఒక బండి, ఇద్దరు ప్రయాణికులు. ఒక్కొక్కరికీ ఎక్కే చోటు ఒకటి, దిగే చోటు ఒకటి. ఎక్కకుండా దిగడం కుదరదు కాబట్టి బండి ఈ నాలుగు చోట్లకూ వెళ్లడానికి 6 వరుసలు ఉంటాయి. కాగితం మీద రాసి చూసుకోవచ్చు. ముగ్గురైతే 90. నలుగురైతే 2,520. ఐదుగురైతే 1,13,400. ఆరుగురికి 74 లక్షలు దాటుతుంది. పది మందిని ఒకే మినీ బస్సులో సర్దాలంటే వరుసలు దాదాపు 24 కోట్ల కోట్లు. సెకనుకు కోటి వరుసలు చూసే కంప్యూటర్ ఉన్నా అన్నీ చూసేసరికి ఏడున్నర ఏళ్లు పడుతుంది. ప్రయాణికుడు ఈలోపు కాలేజీ చదువు పూర్తి చేసి పెళ్లి కూడా చేసుకోవచ్చు!

ఇది ఒక్క బండి లెక్క. బండ్లు యాభై ఉంటే ఎవరిని ఏ బండిలో కూర్చోబెట్టాలన్న ప్రశ్న దీనికి తోడవుతుంది. ఒక్కో మనిషికీ ఒక టైమ్ పరిమితి, బండిలో సీట్ల పరిమితి, డ్రైవర్ షిఫ్టు పరిమితి వీటికి అదనం.

పరిమితులు పెడితే కొన్ని వరుసలు కొట్టుకుపోతాయి, నిజమే. తెలివైన గణిత పద్ధతులతో చూడక్కర్లేని వాటిని గుంపుగా పక్కన పెట్టొచ్చు, అదీ నిజమే. కానీ బండ్లు, మనుషులు వందల్లోకి వెళ్లాక, జవాబు నిమిషాల్లో కావాలన్నప్పుడు, "ఇంతకంటే మంచి వరుస ఇంకోటి లేదు" అని నిరూపించి ఇవ్వడం సాధారణంగా కుదరదు. అందుకే సాఫ్ట్‌వేర్ వాళ్లు హ్యూరిస్టిక్స్ అనే పద్ధతులు వాడతారు. ఇవి అన్నీ చూడవు, తెలివిగా కొన్నే చూసి, పనికొచ్చే జవాబు తొందరగా ఇస్తాయి. అది అన్నిటికన్నా మంచి జవాబు అన్న హామీ మాత్రం ఉండదు.

బీకాం చదివినవాళ్లకి ఇది కొత్తేమీ కాదు. ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లమ్ అని ఒక లెక్క ఉంటుంది, గుర్తుందా? ఏ గోడౌన్ నుంచి ఏ షాపుకి ఎంత సరుకు పంపితే ఖర్చు తగ్గుతుంది అని. ముందు వోగెల్ పద్ధతిలో ఒక మోస్తరు జవాబు వేసుకుని, తర్వాత దాన్ని మెరుగుపరుస్తూ పోయేవాళ్లం. పరీక్షలో పది మార్కుల ప్రశ్న. ఇక్కడ సరుకు బదులు మనుషులు ఉన్నారు. సరుకుకి ఆకలి వేయదు, చీకట్లో రోడ్డు మీద నిలబడాలంటే భయం ఉండదు. తేడా అంతా అక్కడే వస్తుంది.

సందులో దూర్చడం, తర్వాత సర్దడం

అన్నిటికన్నా ఎక్కువగా వాడే పద్ధతి చాలా మామూలుది. బండికి ఇప్పటికే ఒక వరుస ఉంది. కొత్తగా ఒకరు బుక్ చేశారు. పాత వరుసని కదిలించకుండా, ఈ మనిషి ఎక్కే చోటు, దిగే చోటు ఏ సందులో దూరిస్తే అదనపు తిరుగుడు తక్కువో చూస్తారు. ముగ్గురున్న బండిలో నాలుగో మనిషిని ఇలా దూర్చడానికి 28 మార్గాలే ఉంటాయి. మొదటి నుంచి మళ్లీ పేర్చాలంటే 2,520 చూడాలి. 28 ఎక్కడ, 2,520 ఎక్కడ! 1986లో జా, ఒడోనీ, సరాఫ్టిస్, విల్సన్ అనే పరిశోధకులు ఫోన్ చేసి పిలిపించుకునే షేరింగ్ వాహనాల కోసం ఇలాంటి పద్ధతినే ప్రచురించారు. ఇప్పటికీ ఈ రంగంలో అదో మైలురాయి.

నిజానికి మన షేర్ ఆటో డ్రైవర్ ఏ పేపరూ చదవకుండా చేసేదీ ఇదే. రోడ్డు పక్కన ఎవరైనా చెయ్యి ఎత్తితే, "ఎక్కడికి?" అని అడిగి, అది తన దారిలో ఉంటే ఎక్కించుకుంటాడు, పక్కకి పోవాలంటే తల అడ్డంగా ఊపి వెళ్లిపోతాడు. ఆయన బుర్రలో ఆ లెక్క అరసెకనులో అయిపోతుంది.

దూర్చే పద్ధతిలో ఒక లోపం ఉంది. ముందు వచ్చినవాళ్లని బట్టి వరుస గట్టిపడిపోతుంది. పదో మనిషి వచ్చేసరికి, రెండో మనిషిని వేరే బండిలో వేసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అందుకని రెండో దశలో సర్దుబాటు ఉంటుంది. ఈ బండిలో ఒకరిని ఆ బండిలోకి మార్చి చూడు, ఇద్దరిని అటూ ఇటూ చేసి చూడు, లెక్క తగ్గితే ఉంచు, పెరిగితే వెనక్కి తీసుకో. వేల సార్లు ఇలా చేస్తారు. ఇందులోనూ ఒక చిక్కు ఉంది. పల్లం వెతుక్కుంటూ పోయే వాననీళ్లు మొదటి గుంటలోనే నిలిచిపోయినట్టు, సాఫ్ట్‌వేర్ కూడా ఒక మోస్తరు జవాబు దగ్గర ఇరుక్కుంటుంది. ఏ చిన్న మార్పు చేసినా లెక్క పెరుగుతుంది కాబట్టి అక్కడి నుంచి కదలదు. రెండు గల్లీల అవతల ఇంకా లోతైన గుంట ఉందని దానికి తెలియదు.

దాన్ని బయటికి లాగడానికి రకరకాల ఉపాయాలు వచ్చాయి. 1983లో కిర్క్‌పాట్రిక్, ఆయన సహచరులు చెప్పిన ఉపాయం, కాల్చిన లోహం మెల్లగా చల్లారే తీరు నుంచి తీసుకున్నది. మొదట్లో కొన్నిసార్లు చెడ్డ మార్పుని కూడా ఒప్పుకోవాలి, పోను పోను ఆ ఉదారం తగ్గించుకుంటూ రావాలి. తర్వాత ఫ్రెడ్ గ్లోవర్ ఇంకోటి చెప్పారు: ఇప్పుడే చేసిన మార్పుని కొంతసేపు నిషేధించు, అప్పుడు తిరిగి అదే గుంటలో పడవు. ఇవాళ ఎక్కువ ఆదరణ ఉన్న పద్ధతి మరీ మొరటుగా ఉంటుంది. వరుసలో కొందరిని కావాలని పీకేసి, మళ్లీ కొత్తగా దూర్చడం. అల్మారా సర్దేటప్పుడు అమ్మీ సగం బట్టలు కింద పడేసి మొదలుపెట్టినట్టు.

ఇవి బాగా పని చేస్తాయి. 2017లో ఎంఐటీ సహా కొందరు పరిశోధకులు న్యూయార్క్ టాక్సీ ప్రయాణాల డేటా మీద ఒక షేరింగ్ లెక్క వేసి చూశారు. ఆ నగరంలో 13 వేలకు పైగా టాక్సీలు చేసే పనిలో 98 శాతాన్ని, నలుగురు కూర్చునే 3,000 కార్లు చేయగలవని తేలింది. కంప్యూటర్ మీద తేలిన ఫలితం అది, రోడ్డు మీద కాదు. అయినా చిన్న మాట కాదు. అయితే మిగిలిన పది వేల మంది డ్రైవర్లు ఏం చేస్తారన్నది ఆ లెక్కలోని ప్రశ్న కాదు. ఎవరూ దాన్ని అడగలేదు కాబట్టి అది జవాబూ చెప్పలేదు.

100 మీటర్లా, 200 మీటర్లా?

మళ్లీ ఆపా క్యాబ్ దగ్గరికి వద్దాం. కిలోమీటర్లు నేను ఉదాహరణ కోసం వేసుకున్నవి, నిమిషాలు మాత్రం ఆపావే.

ఆ వైపు నుంచి రెండు క్యాబ్‌లు నడుస్తున్నాయి అనుకోండి. మొదటి ప్లాన్‌లో రెండూ కలిపి 60 కిలోమీటర్లు తిరుగుతాయి, ఆపా 95 నిమిషాలు బండిలో ఉంటుంది. రెండో ప్లాన్‌లో మధ్యలో ఎక్కే ఒకరిని రెండో క్యాబ్‌కి మారుస్తారు. అప్పుడు మొత్తం 64 కిలోమీటర్లు అవుతుంది, ఆపా ప్రయాణం 70 నిమిషాలకి తగ్గుతుంది. "కిలోమీటర్లు తగ్గించు" అని మాత్రమే చెబితే సాఫ్ట్‌వేర్ కళ్లు మూసుకుని మొదటిదే తీస్తుంది. నాలుగు కిలోమీటర్ల డీజిల్ మిగిలింది కదా.

ఇప్పుడు ఒక చిన్న షరతు కలుపుదాం. ఎవరి ప్రయాణమైనా 60 నిమిషాలు దాటితే, దాటిన ప్రతి నిమిషాన్నీ 100 మీటర్ల అదనపు తిరుగుడుగా లెక్కగట్టు. మొదటి ప్లాన్: 60కి మూడున్నర కలిపితే 63.5. రెండో ప్లాన్: 64కి ఒకటి కలిపితే 65. ఇప్పటికీ మొదటిదే గెలిచింది. అదే 100 బదులు 200 మీటర్లు అని పెట్టండి. మొదటిది 67, రెండోది 66. జవాబు మారిపోయింది! రోడ్లు మారలేదు, సాఫ్ట్‌వేర్ మారలేదు. ఒక డబ్బాలో ఉన్న అంకె మారింది, మా ఇంట్లో ఫజర్ తర్వాత అరగంట నిద్ర మిగిలింది.

ఆ అంకె ఏ కంప్యూటరూ కనిపెట్టలేదు. కాంట్రాక్టు కుదిరిన రోజు ఎవరో టైప్ చేశారు, లేదా ఖాళీగా వదిలేశారు. ఖాళీగా వదిలేసినా అది నిర్ణయమే. నిమిషం విలువ సున్నా అని.

ఇలాంటి అంకెలు ఇంకా ఉన్నాయి. ఇంటి ముందు ఎక్కించుకోవాలా, నోడల్ పాయింట్ దగ్గర ఎక్కించుకోవాలా? నోడల్ పాయింట్ అంటే నలుగురినీ మెయిన్ రోడ్డు మీదకి రమ్మనడం. బండికి గల్లీ తిరుగుడు తప్పుతుంది. ఆ నడక చలికాలం పొద్దున ఆరున్నరకి ఆడపిల్లకి ఎన్ని కిలోమీటర్లతో సమానం? పాత బస్తీలో కొన్ని గల్లీల్లోకి పెద్ద కారు అసలు దూరదు, అది వేరే సంగతి. దూరే చోట కూడా దూరకపోతే అది అంకె పెట్టిన తీరు వల్లే.

కొన్ని షరతులు మాత్రం అంకెలతో బేరం పెట్టేవి కావు. రాత్రి షిఫ్టులో ఆడవాళ్లు చివరిగా దిగేట్టు ఉంటే బండిలో గార్డు ఉండాలని, లేదా వరుస మార్చి మగ ఉద్యోగిని చివర్లో దింపాలని చాలా కంపెనీలు నియమం పెట్టుకున్నాయి. గార్డు ఎక్కితే ఒక సీటు పోతుంది, ఖర్చు పెరుగుతుంది. అయినా సాఫ్ట్‌వేర్ దాన్ని దాటదు. ఎందుకంటే ఆ షరతు "వీలైతే" అని రాయలేదు, "తప్పదు" అని రాశారు. ఆడవాళ్ల భద్రత మీద జనం గట్టిగా అడిగారు కాబట్టే అది ఆ డబ్బాలోకి ఎక్కింది.

బోస్టన్‌లో ఏమైంది?

అంకెల వెనక మనుషులు ఉంటారని ఒక నగరం మొత్తానికి తెలిసొచ్చిన కథ ఒకటి ఉంది. అమెరికాలోని బోస్టన్. అక్కడి ప్రభుత్వ స్కూళ్ల పిల్లల రవాణాకి ఏడాదికి 12 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 200కు పైగా స్కూళ్లు, 600కు పైగా బస్సులు. ప్రతి ఏటా వేసవిలో కొందరు ఉద్యోగులు వారాల తరబడి కూర్చుని రూట్లు గీసేవాళ్లు. 2017లో స్కూళ్ల యంత్రాంగం ఒక పోటీ పెట్టింది, మా రూట్లు ఎవరు బాగా గీస్తారో రండి అని. ఎంఐటీ ప్రొఫెసర్ దిమిత్రిస్ బెర్ట్‌సిమాస్, ఆయన విద్యార్థులు ఆర్థర్ డెలారూ, సెబాస్టియన్ మార్టిన్ ఉన్న బృందం గెలిచింది.

వాళ్ల పద్ధతి సుమారు అరగంటలో మొత్తం నగరానికి రూట్లు గీసింది. ఆ ఏడాది విద్యా సంవత్సరంలోనే దాన్ని అమలు చేశారు. దాదాపు 50 బస్సులు తగ్గాయి, 50 లక్షల డాలర్లు మిగిలాయని లెక్క తేలింది. ఆ డబ్బు తరగతి గదులకి పోతుందన్నారు. ఎవరికైనా నచ్చే వార్తే.

అక్కడితో ఆగి ఉంటే ఇది విజయగాథ అయ్యేది. ఒకే బస్సు పొద్దున ఒక స్కూలు పిల్లల్ని దింపి, ఇంకో స్కూలుకి, తర్వాత మూడోదానికి వెళ్తుంది. అందుకే స్కూలు గంటల్ని కాస్త అటూ ఇటూ జరిపితే ఇంకా ఎన్నో బస్సులు మిగులుతాయి. పైగా టీనేజ్ పిల్లలు మరీ పొద్దున్నే లేవడం ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టర్లు చెబుతున్నారు, పెద్ద తరగతులకి ఆలస్యంగా గంట కొట్టాలి. చిన్నపిల్లలు సాయంత్రం చీకటి పడే వేళకి ఇంటికి రాకూడదు. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కి చెప్పారు. వీటి గురించి తల్లిదండ్రులతో మీటింగులు, సర్వేలు కూడా జరిగాయి. అది కొత్త గంటలు లెక్కగట్టింది. 8 గంటలకన్నా ముందు మొదలయ్యే హైస్కూల్ పిల్లల సంఖ్య బాగా తగ్గిపోయింది. కాగితం మీద అడిగిన దాదాపు ప్రతి కోరికా తీరింది.

2017 డిసెంబర్‌లో కొత్త టైములు ప్రకటించారు. నగరంలో ఎక్కువ స్కూళ్ల గంటలు మారిపోయాయి. కొన్ని ప్రాథమిక పాఠశాలలు పొద్దున 7:15కే మొదలై మధ్యాహ్నం 1:15కి ముగుస్తాయి. ఐదేళ్ల బిడ్డ ఒంటిగంటంపావుకి ఇంటికొస్తే, సాయంత్రం దాకా పనిలో ఉండే అమ్మా నాన్నా ఏం చెయ్యాలి? తల్లిదండ్రులు భగ్గుమన్నారు. మీటింగులకి వందల మంది వచ్చారు. నెల తిరక్కుండానే అధికారులు ఆ ప్లాన్ వెనక్కి తీసుకున్నారు.

ఇంతవరకు చదివితే "చూశారా, కంప్యూటర్ ఎంత పని చేసిందో" అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. తర్వాత కొందరు విశ్లేషకులు ఇంకో వైపు చూపించారు. పాత టైములు కూడా న్యాయంగా ఏమీ లేవు. మంచి టైములు ఎక్కువగా మాట చెల్లే కుటుంబాలున్న ప్రాంతాల స్కూళ్లకే దక్కి ఉన్నాయి. కొత్త లెక్క వాటిని కాస్త సమంగా పంచింది. అలా పంచితే ఇంతకాలం సుఖంగా ఉన్నవాళ్లకి నష్టం కనిపించింది, వాళ్ల గొంతు గట్టిగా వినిపించింది. లాభపడాల్సిన కుటుంబాల్లో చాలామంది మీటింగులకి వచ్చే తీరికా లేనివాళ్లు.

నా ఉద్దేశంలో తప్పు రెండు వైపులా ఉంది. అధికారులు కోరికలు అడిగారు కానీ "ఈ కోరిక తీరాలంటే మీ ఇంట్లో ఏది మారుతుంది" అన్నది ముందే చూపించలేదు. ఒక్కసారిగా ఫలితం తెచ్చి ముందు పెట్టారు. హ్యూరిస్టిక్ పద్ధతుల్లో ఉన్న పెద్ద సదుపాయమే అరగంటలో ఇంకో ప్లాన్ ఇవ్వగలగడం. అలాంటప్పుడు ఐదారు ప్లాన్లు గీసి, ఏ పేటకి ఎంత లాభం, ఏ పేటకి ఎంత నష్టం అని జనం ముందు పరిచి ఉండొచ్చు. ఆ పని చేయలేదు.

చార్మినార్ వైపు చూస్తే

మన నగరంలో ఈ లెక్క ఎవరి మీద పడుతుందో చూడండి. మెట్రో రెండో కారిడార్ మొదటి నుంచీ ఫలక్‌నుమా దాకా అనుకున్నది. 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి అక్కడ ఆగింది. పాత బస్తీ మెట్రోకి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అది పూర్తయి రైలు ఎక్కేదాకా మన జనానికి బస్సు, షేర్ ఆటో, ఆఫీసు క్యాబ్, స్కూల్ ఆటోలే దిక్కు. ఇరుకు రోడ్లలో సెట్విన్ మినీ బస్సులు తిరిగిన రోజుల్ని పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకుంటారు.

షేరింగ్ బండికి కావాల్సింది కిక్కిరిసిన జనం, ఒకే వైపు ప్రయాణాలు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 2012లో కుట్సుప్లస్ అని ఒక సేవ మొదలుపెట్టారు. ఫోన్‌లో అడిగితే తొమ్మిది సీట్ల మినీ బస్సు వస్తుంది, దారి అప్పటికప్పుడు సాఫ్ట్‌వేర్ గీస్తుంది. టెక్నాలజీ బాగానే పని చేసింది. కానీ బండ్లు 15 మాత్రమే. అంత పెద్ద నగరంలో 15 బండ్లంటే, ఒకే దారిలో ఇద్దరు ముగ్గురు దొరకడమే కష్టం. ఒక్కో ప్రయాణానికి ప్రభుత్వం పెట్టే ఖర్చు ఎక్కువై 2015 చివర్లో ఆపేశారు. పాత బస్తీలో ఆ ఇబ్బంది ఉండదు. పది నిమిషాలు నిలబడితే ఒకే వైపు పోయే పదిమంది కనిపిస్తారు. ఇలాంటి సేవ నిలబడగలిగే చోటు ఏదైనా ఉంటే అది మన లాంటి పేటలే.

అయితే డ్రైవర్ సంగతి ఏమిటి? తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకంలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చింది. ఇళ్లలో ఆడవాళ్లకి ఇది నిజమైన మేలు, మా ఇంట్లో కూడా. అదే ఇంట్లో అన్న ఆటో నడుపుతుంటే ఆయన గల్లా పెట్టె తేలికైంది. రెండు రాష్ట్రాల్లోనూ ఆటో డ్రైవర్లు రోడ్డెక్కారు. ఖాళీ సీట్లు నింపే షేరింగ్ యాప్ వస్తే ఆటోకి మళ్లీ గిరాకీ వస్తుందని కొందరు ఆశపడుతున్నారు. రావచ్చు. కానీ ఇక్కడా అదే ప్రశ్న: లెక్క దేన్ని తగ్గిస్తోంది?

యాప్ పూల్ ప్రయాణాలు 2020 మార్చిలో కరోనాతో ఆగిపోకముందు డ్రైవర్ల దగ్గర వినిపించిన గోడు గుర్తుంది. సీట్లు మూడు నిండినా తమకి దక్కేది కిలోమీటర్ల లెక్కే, అదనపు సీటు డబ్బులో తమ వాటా కనిపించదు అనేవాళ్లు. పక్క గల్లీలోకి తిప్పి ఇంకొకరిని ఎక్కించుకునే పెట్రోల్, ట్రాఫిక్‌లో పోయే సమయం, ప్రయాణికుల కోపం మాత్రం డ్రైవర్‌కే మిగిలేవి. మామూలు షేర్ ఆటోలో అలా కాదు. సీటు నిండితే ఆ డబ్బు డ్రైవర్ జేబులోకే. అందుకే ఆయన ముగ్గురి ఆటోలో ఆరుగురిని కుక్కుతాడు, అది ప్రమాదం కూడా. ఆయన లెక్కలో తగ్గించాల్సింది ఖాళీ సీటు ఒక్కటే. చూశారా, మనిషి వేసినా యంత్రం వేసినా, దేన్ని తగ్గించమన్నారో అదే తగ్గుతుంది.

చట్టం వైపు కొంత కదలిక ఉంది. 2020లో కేంద్రం ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల్లో, పూలింగ్‌లో ఆడవాళ్లు కావాలంటే తోటి ఆడవాళ్లతోనే ప్రయాణించే ఎంపిక ఇవ్వాలని రాశారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే అదొక "తప్పదు" షరతు. పర్దా పాటించే కుటుంబాల్లో కూతురు కాలేజీకి షేరింగ్ బండిలో వెళ్లాలా వద్దా అన్న చర్చ చాలాసార్లు ఈ ఒక్క పాయింట్ దగ్గరే ఆగిపోతుంది. ఆ ఎంపిక ఇస్తే ఎదురుచూపు కాస్త పెరుగుతుంది, అది దాచకుండా చెప్పాలి. పది నిమిషాలు ఎక్కువ ఆగినా ఆ బండే కావాలనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో గిగ్ కార్మికుల బిల్లు ముసాయిదాని జనం అభిప్రాయం కోసం బయట పెట్టింది. పని ఎవరికి ఇవ్వాలి, డబ్బు ఎంత ఇవ్వాలి అని యంత్రాలు తేల్చే చోట, ఆ తీరు కార్మికుడికి తెలియాలన్న ఆలోచన అందులో ఉంది. నా అభిప్రాయం ఏమిటంటే, డ్రైవర్ యూనియన్లు అల్గారిథమ్ మొత్తం చూపించమని అడగక్కర్లేదు. వేల లైన్ల కోడ్ చూసి ఎవరేం చేస్తారు? అడగాల్సింది ఆ డబ్బాల్లో ఉన్న అంకెలు. ఖాళీగా తిరిగే కిలోమీటర్‌కి ఎంత విలువ ఇచ్చారు, ప్రయాణికుడి ఒక నిమిషానికి ఎంత, డ్రైవర్ ఒక నిమిషానికి ఎంత. ఇవి ఒక కాగితం మీద రాయగలిగినన్నే ఉంటాయి.

స్కూల్ బస్సు విషయంలో తల్లిదండ్రులు కూడా ఇదే అడగొచ్చు. "మా బాబుకి ఎందుకు ఆలస్యం" అని అడిగితే "సిస్టమ్" అంటారు. "ఒక బిడ్డ బస్సులో గరిష్ఠంగా ఎన్ని నిమిషాలు ఉండొచ్చని పెట్టారు?" అని అడిగితే ఎవరో ఒకరు వెతికి చెప్పక తప్పదు.

ఆపా అలాగే చేసింది. రంజాన్ ముందు ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌కి మెయిల్ పెట్టింది. రూట్ మార్చమని అడగలేదు. ఒకరు బండిలో ఎక్కువలో ఎక్కువ ఎంతసేపు ఉండొచ్చని సిస్టమ్‌లో పెట్టారో చెప్పమంది. వారం తర్వాత జవాబు వచ్చింది: 120 నిమిషాలు. వెండర్ ఇచ్చినప్పటి నుంచీ అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. ఆ లైన్‌లో వచ్చే మరో ముగ్గురు కూడా సంతకం పెట్టాక దాన్ని 75కి తగ్గించారు.

ఇప్పుడు ఆపా 7:05కి ఎక్కుతోంది, 8:15కే దిగుతోంది. సాయంత్రం ఇంటికి ఇఫ్తార్ టైముకి కాస్త ముందే చేరుకుంది ఈసారి. కిషన్‌బాగ్‌లో ఎక్కే అమ్మాయిని రెండో క్యాబ్‌కి మార్చారట. ఆమె టైము పదిహేను నిమిషాలు ముందుకి జరిగింది. ఆమె కూడా మెయిల్ పెట్టిందని నిన్న ఆపా చెప్పింది.